ఆమ్ల ద్రావణంలో క్రోమియం ఏ రూపంలో ఉంది? తేల్చుకునే పద్ధతి

"ద్రావణం ఆకుపచ్చగా ఉందండీ, అంటే క్రోమియం-6 లేనట్టేగా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క ఎప్పుడో తప్పింది. దాని తర్వాత ఎక్కువగా వచ్చేది: "శాంపిల్ పాడవకుండా నైట్రిక్ ఆమ్లం వేసి పెట్టాం, ఇప్పుడు క్రోమియం-6 సున్నా వస్తోంది, ఎందుకు?" రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను. సాధారణ కెమిస్ట్రీ ల్యాబ్‌లో, విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పరికరం) ఒకటి ఉంటే చాలు, ఈ పని అయిపోతుంది.

ఒక్క హెచ్చరిక ముందే. క్రోమియం-6 మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. చర్మానికి తగిలితే అలర్జీ తెస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా డైక్రోమేట్ సీసా మూత తీయవద్దు. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి.

తెలిసి ఉండాల్సినంత సిద్ధాంతం

ఆమ్లంలో క్రోమియం ముఖ్యంగా రెండు స్థితుల్లో కనిపిస్తుంది: +6, +3. ఇకపై వీటిని క్రోమియం-6, క్రోమియం-3 అందాం.

క్రోమియం-6 పీహెచ్‌ని బట్టి వేషం మారుస్తుంది. పీహెచ్ సుమారు 6.5 దాటితే పసుపు రంగు క్రోమేట్. అంతకంటే తక్కువైతే హైడ్రోజన్ క్రోమేట్. గాఢత పెరిగేకొద్దీ రెండేసి హైడ్రోజన్ క్రోమేట్‌లు ఒక నీటి అణువును వదిలేసి నారింజ రంగు డైక్రోమేట్ అవుతాయి. లీటరుకు సుమారు 1 గ్రాము క్రోమియం దగ్గర రెండు రూపాలూ దాదాపు సగం సగం ఉంటాయి. అందుకే పొటాషియం డైక్రోమేట్‌ను బాగా పలుచన చేశాక సీసా మీద "డైక్రోమేట్" అని రాసి ఉన్నా లోపల ఉండేది చాలావరకు హైడ్రోజన్ క్రోమేటే. ఈ మూడూ క్రోమియం-6 కిందికే వస్తాయి కాబట్టి మన కొలతకు తేడా లేదు. రంగు చూసి మాత్రం మోసపోకండి.

ఇక రెండో సంగతి, అసలు చిక్కంతా ఇక్కడే. ఆమ్లంలో క్రోమియం-6 చాలా బలమైన ఆక్సీకరణి (ప్రమాణ పొటెన్షియల్ సుమారు +1.33 వోల్టులు). పీహెచ్ తగ్గేకొద్దీ ఆకలి పెరుగుతుంది. ఫెర్రస్ ఇనుము, సల్ఫైట్, ఆల్కహాల్, సేంద్రియ మురికి ఏది దొరికినా దాన్ని ఆక్సీకరించి, తాను క్రోమియం-3 అయిపోతుంది. అంటే మీరు ఆమ్లం పోసిన క్షణం నుంచి కొలవాల్సిన పదార్థం తరిగిపోతూ ఉండవచ్చు.

క్రోమియం-3 స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మహా బద్ధకస్తురాలు. తన చుట్టూ ఉన్న ఆరు నీటి అణువుల్లో ఒకదాన్ని మార్చుకోవడానికి గది ఉష్ణోగ్రత దగ్గర రోజులు పడుతుంది. ఈ బద్ధకం గురించి 8వ మెట్టులో మళ్లీ మాట్లాడుకుందాం.

కావలసినవి

- పొటాషియం డైక్రోమేట్, ఓవెన్‌లో ఆరబెట్టి చల్లార్చినది
- 1,5-డైఫినైల్ కార్బజైడ్ (క్రోమియం-6తో ఊదా ఎరుపు రంగు ఇచ్చే రీయేజెంట్, మన కొలతంతా ఆ రంగు మీదే), అసిటోన్
- సల్ఫ్యూరిక్ ఆమ్లం (10 శాతం ద్రావణం, నీరు, ఆమ్లం సమపాళ్లలో కలిపినది కొంచెం)
- ఫాస్ఫారిక్ ఆమ్లం
- పొటాషియం పర్మాంగనేట్, 100 మి.లీ. నీటిలో 4 గ్రాములు
- సోడియం అజైడ్, 100 మి.లీ. నీటిలో 0.5 గ్రాము (ఇది వద్దనుకుంటే ప్రత్యామ్నాయం 6వ మెట్టులో ఉంది)
- 0.45 మైక్రాన్ మెంబ్రేన్ ఫిల్టర్
- పీహెచ్ మీటర్, 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు, పిపెట్లు, 1 సెం.మీ. క్యువెట్లు
- 540 నానోమీటర్ల దగ్గర పనిచేసే స్పెక్ట్రోఫోటోమీటర్
- ఫ్యూమ్ హుడ్

నీరూ ఆమ్లమూ కలిపేటప్పుడు నీటిలోకే ఆమ్లం, సన్నగా, కలుపుతూ పోయాలి. తెలిసిందే అయినా మళ్లీ చెబుతున్నాను.

1. గాజు సామాను

10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. క్రోమిక్ ఆమ్లంతో (డైక్రోమేట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి గాజు కడగడానికి వాడే ద్రావణం) కడగవద్దు. వినడానికి నవ్వొస్తుంది గానీ, నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో వారం పాటు బ్లాంక్ (శాంపిల్ లేకుండా రీయేజెంట్లు మాత్రమే ఉన్న ద్రావణం) రీడింగ్ ఎందుకు ఎక్కువ వస్తోందో తెలియక రీయేజెంట్లన్నీ మార్చేశాం. చివరికి చూస్తే ఫ్లాస్కులు కడిగే కుర్రాడు పాత అలవాటు కొద్దీ క్రోమిక్ ఆమ్లమే వాడుతున్నాడు. గాజు క్రోమియంను పట్టి ఉంచుతుంది, మెల్లగా వదులుతుంది. తప్పు అతనిది కూడా కాదు, చెప్పాల్సింది మేము.

2. శాంపిల్ తీయడం, ఉంచడం

శాంపిల్ అప్పటికే ఆమ్లంగా ఉంటే వీలైనంత త్వరగా, అదే రోజు కొలవండి. అప్పటిదాకా ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర ఉంచండి.

తటస్థంగా ఉన్న శాంపిల్‌కు నిల్వ కోసం ఆమ్లం కలపవద్దు. మొత్తం లోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తెస్తాం, అది సరైన పద్ధతే. కానీ ఆ సీసా నుంచి క్రోమియం-6 కొలవకూడదు. రెండు సీసాలు తీసుకోండి: ఒకటి ఆమ్లం వేసి మొత్తం క్రోమియంకు, రెండోది ఏమీ వేయకుండా క్రోమియం-6కు. రెండోది 24 గంటల్లోపు పూర్తిచేయాలి. అంతకన్నా ఎక్కువ ఉంచాల్సి వస్తే అమ్మోనియా, అమ్మోనియం సల్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 9.3 నుంచి 9.7 మధ్యకు తెస్తారు. అక్కడ క్రోమియం-6 శాంతంగా ఉంటుంది.

వడకట్టడం ఆమ్లం చేర్చకముందే, మెంబ్రేన్ ఫిల్టర్‌తో. మామూలు ఫిల్టర్ పేపర్ సెల్యులోజ్. ఆమ్లంలో ఉన్న క్రోమియం-6 దాన్ని కూడా ఆక్సీకరించగలదు. రబ్బరు బిరడాలు కూడా అంతే.

3. రంగు చూసి రాసుకోండి, నమ్మకండి

తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. పసుపు, నారింజ అయితే క్రోమియం-6 ఉందని అనుమానం. ఆకుపచ్చ, ఊదా అయితే క్రోమియం-3 ఉందని అనుమానం. అంతకు మించి ఏమీ తేలదు.

ఎందుకో అంకెల్లో చూడండి. ఆమ్లంలో క్రోమియం-6 బలంగా పీల్చుకునేది 350 నానోమీటర్ల దగ్గర. అక్కడ దాని మోలార్ శోషణ గుణకం (కాంతిని ఎంత బలంగా పీల్చుకుంటుందో చెప్పే అంకె) క్రోమియం పరమాణువు ఒక్కింటికి సుమారు 1,580. నీటితో చుట్టుకున్న క్రోమియం-3 శోషణ పట్టీలు 408, 575 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, గుణకం 13 నుంచి 16 మధ్యే. వంద రెట్ల తేడా. 350 దగ్గరి పట్టీ తోక నీలం కాంతిని మింగేయబట్టే పసుపు కనిపిస్తుంది. ఆ పసుపు చాటున క్రోమియం-3 ఎంత ఉన్నా కంటికి తెలియకపోవచ్చు. అలాగే గాఢమైన ఆకుపచ్చ ద్రావణంలో లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల క్రోమియం-6 కలిసిపోయి ఉంటే కన్ను పట్టుకోలేదు. తాగునీటిలో మొత్తం క్రోమియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.05 మి.గ్రా. అని గుర్తుంచుకుంటే, "కొన్ని మిల్లీగ్రాములు" ఎంత పెద్ద సంఖ్యో అర్థమవుతుంది.

4. స్టాండర్డ్ ద్రావణాలు

ఎండిన పొటాషియం డైక్రోమేట్ 141.4 మి.గ్రా. తూచి 1 లీటరు చేయండి. ఇందులో లీటరుకు 50 మి.గ్రా. క్రోమియం ఉంటుంది. దీన్నుంచి 10 మి.లీ. తీసి 100 మి.లీ. చేస్తే లీటరుకు 5 మి.గ్రా. ద్రావణం; రోజూ వాడేది ఇదే, ఏ రోజుకారోజు చేసుకోండి.

దీన్నుంచి 0, 2, 4, 6, 8, 10 మి.లీ. చొప్పున ఆరు ఫ్లాస్కుల్లోకి తీయండి. 100 మి.లీ. చేశాక ఇవి లీటరుకు 0 నుంచి 0.5 మి.గ్రా. వరకు వస్తాయి.

డైఫినైల్ కార్బజైడ్ 250 మి.గ్రా. ను 50 మి.లీ. అసిటోన్‌లో కరిగించి గోధుమ రంగు సీసాలో పెట్టండి. రంగు తిరిగిందంటే పారబోయాల్సిందే. "కొంచెమే గులాబీగా ఉంది, ఇవాళ్టికి సర్దుకుందాం" అనుకోవద్దు.

5. క్రోమియం-6 కొలవడం

ఫ్లాస్కులో శాంపిల్ తగినంత (ఉదాహరణకు 25 మి.లీ.) తీసుకుని నీటితో సుమారు 90 మి.లీ. కు తెండి. 2 మి.లీ. డైఫినైల్ కార్బజైడ్ వేసి కలపండి. ఇనుము ఉందనుకుంటే 5 చుక్కల ఫాస్ఫారిక్ ఆమ్లం. ఆ తర్వాత 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 దగ్గరకు (1.5 నుంచి 2.5 మధ్య) తీసుకురండి. 100 మి.లీ. గీత వరకు నింపండి.

వరుస గమనించండి: రీయేజెంట్ ముందు, ఆమ్లం తర్వాత. ఆమ్లం తగిలేసరికే డైఫినైల్ కార్బజైడ్ అక్కడ సిద్ధంగా ఉంటే, శాంపిల్లోని ఇతర క్షయకరణుల (క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చేవాటి) కంటే ముందు అదే క్రోమియం-6ను అందుకునే అవకాశం ఎక్కువ. ఆమ్లం పోసి, ఫోన్ మాట్లాడి వచ్చి రీయేజెంట్ వేసినవాళ్లకు రీడింగ్ తక్కువ వస్తే ఆశ్చర్యం లేదు.

శాంపిల్ ముందే గాఢ ఆమ్లమైతే పలుచన చేయడమే మొదటి మార్గం. పది రెట్లో వంద రెట్లో నీళ్లు కలిపితే చాలాసార్లు పీహెచ్ దారికొస్తుంది. క్షారం కలపక తప్పకపోతే బాగా పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా, కలుపుతూ వేయండి. ఒక్కచోట ఎక్కువ పడితే క్రోమియం-3 హైడ్రాక్సైడ్‌గా మబ్బులా తేలి, క్రోమియం-6ను తనతో పట్టుకుపోతుంది.

5 నుంచి 10 నిమిషాలు ఆగి 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. ఊదా ఎరుపు రంగు వస్తుంది. స్టాండర్డ్‌లకూ బ్లాంక్‌కూ ఇదే పద్ధతి, ఇదే సమయం.

శాంపిల్‌కు సొంత రంగు ఉంటే (క్రోమియం-3 ఎక్కువగా ఉన్న ఆకుపచ్చ ద్రావణాలకు ఇది తప్పనిసరి) మరో ఫ్లాస్కులో డైఫినైల్ కార్బజైడ్ తప్ప మిగతావన్నీ వేసి, ఆ రీడింగ్‌ను తీసివేయండి.

లీటరుకు వందల మిల్లీగ్రాముల క్రోమియం-6 ఉంటే ఇంత పలుచన చేయడం కంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేషన్ మేలు. ఒక డైక్రోమేట్‌కు ఆరు ఫెర్రస్ అయాన్లు అని గుర్తుంటే లెక్క వచ్చేస్తుంది.

6. మొత్తం క్రోమియం

ఇప్పుడు క్రోమియం-3ని కూడా క్రోమియం-6గా మార్చి మళ్లీ కొలుస్తాం. ఈ మెట్టంతా ఫ్యూమ్ హుడ్‌లోనే.

తటస్థ స్థితికి తెచ్చిన 25 మి.లీ. శాంపిల్‌కు సమపాళ్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. వేసి, నీటితో సుమారు 40 మి.లీ. చేసి మరిగించండి. పర్మాంగనేట్ రెండు చుక్కలు వేయండి. రంగు పోతే మళ్లీ చుక్క చుక్కగా, ఎర్రని రంగు నిలిచేదాకా. నిలిచాక మరో 2 నిమిషాలు మరగనివ్వండి. ఆ తర్వాత సోడియం అజైడ్ 1 మి.లీ. వేసి మెల్లగా మరిగిస్తే రంగు పోతుంది. పోకపోతే ఇంకో మి.లీ. రంగు పూర్తిగా పోయాక ఒక నిమిషం మరిగించి, చల్లార్చి, పీహెచ్ సరిచేసి 5వ మెట్టులోలా రంగు తెప్పించండి. ఫ్లాస్కు చల్లారకముందు అసిటోన్ ఉన్న రీయేజెంట్ వేయకండి.

అజైడ్ విషం. ఆమ్లంలో దాన్నుంచి వచ్చే హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరి ఇంకా ప్రమాదం. రాగి, సీసం పైపులున్న సింక్‌లో అజైడ్ పోస్తే పేలే లవణాలు తయారవుతాయి. మీ ల్యాబ్‌లో హుడ్ సరిగ్గా పనిచేయకపోతే ఈ పద్ధతి వదిలేయండి, మొహమాటం వద్దు.

ప్రత్యామ్నాయాలు రెండు. ఒకటి, చిటికెడు సిల్వర్ నైట్రేట్‌తో అమ్మోనియం పర్సల్ఫేట్ వేసి మరిగించడం. మిగిలిన పర్సల్ఫేట్ పూర్తిగా విచ్ఛిన్నమయ్యేదాకా మరిగించాలి, లేకపోతే అది తర్వాత రంగును తినేస్తుంది. క్లోరైడ్ ఎక్కువున్న శాంపిల్‌కు ఇది పనికిరాదు, సిల్వర్ అంతా క్లోరైడ్‌గా కూర్చుంటుంది. రెండోది, అటామిక్ అబ్జార్ప్షన్ మీద 357.9 నానోమీటర్ల దగ్గర నేరుగా మొత్తం క్రోమియం కొలవడం. ఎసిటిలీన్ ఎక్కువగా ఉన్న గాలి-ఎసిటిలీన్ మంటలో క్రోమియం-3, క్రోమియం-6 సమానంగా స్పందించవు. కాబట్టి శాంపిల్‌నీ స్టాండర్డ్‌నీ ఒకే స్థితికి తెచ్చాకే కొలవండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరించవచ్చా అని చాలామంది అడుగుతారు. క్షారంలో అయితే అవును, క్రోమియం-3ని క్రోమేట్‌గా మారుస్తుంది. ఆమ్లంలో సరిగ్గా తిరగబడుతుంది: క్రోమియం-6తో కలిసి ముదురు నీలం పెరాక్సో సమ్మేళనం ఏర్పడి, చూస్తుండగానే విడిపోయి ఆకుపచ్చ క్రోమియం-3 మిగులుతుంది. ఆ నీలం చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, ఈథర్‌లోకో ఎమైల్ ఆల్కహాల్‌లోకో తీసుకుంటే కాసేపు నిలుస్తుంది. క్రోమియం-6 ఉందా లేదా అని చూసే గుణాత్మక పరీక్షగా వాడుకోండి. కొలతకు ముందు మాత్రం పెరాక్సైడ్‌ను దగ్గరికి రానివ్వకండి.

7. లెక్క

25 మి.లీ. శాంపిల్ 100 మి.లీ. అయింది కాబట్టి నాలుగు రెట్లు. స్టాండర్డ్‌ల రీడింగ్‌లతో గీసిన గ్రాఫ్ నుంచి 5వ మెట్టులో లీటరుకు 0.31 మి.గ్రా., 6వ మెట్టులో 0.46 మి.గ్రా. వచ్చాయనుకుందాం. క్రోమియం-6 లీటరుకు 1.24 మి.గ్రా., మొత్తం 1.84 మి.గ్రా., తేడా 0.60 మి.గ్రా. క్రోమియం-3.

ఈ తేడా పద్ధతికి ఒక బలహీనత ఉంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా అయితే రెండింటి తప్పులూ దాని మీదే పడతాయి. మొత్తం 1.84, క్రోమియం-6 1.80 వస్తే "క్రోమియం-3 0.04" అని రిపోర్ట్ రాయకండి. ఆ 0.04కు అర్థం లేదు.

8. క్రోమియం-3 ఏ వేషంలో ఉంది? (కావాలంటేనే)

కేవలం 6, 3 తేలితే చాలనుకునేవారు ఇది దాటేయవచ్చు. నాకైతే ఇదే ఇష్టమైన భాగం.

మామూలుగా దొరికే ఆకుపచ్చ క్రోమిక్ క్లోరైడ్‌లో రెండు క్లోరైడ్‌లు క్రోమియంను నేరుగా పట్టుకుని ఉంటాయి, మూడోది మాత్రమే స్వేచ్ఛగా తిరుగుతుంది. కొంచెం స్ఫటికాలు చల్లని నీటిలో కరిగించి, వెంటనే పలుచని నైట్రిక్ ఆమ్లం, ఆపై సిల్వర్ నైట్రేట్ వేయండి. వచ్చిన తెల్లని అవక్షేపాన్ని త్వరగా వడకట్టండి. ఆ వడకట్టిన ద్రావణాన్ని మరిగిస్తే మళ్లీ తెల్లగా పడుతుంది! మొదటిసారి మూడో వంతు, మిగతాది వేడి తర్వాత. మూడు క్లోరైడ్‌లూ బయటే ఉన్న ఊదా రూపమైతే మొదట్లోనే అంతా పడిపోతుంది.

సల్ఫేట్‌లోనూ ఇదే బద్ధకం. క్రోమ్ ఆలం ద్రావణం చల్లగా ఊదాగా ఉంటుంది, వేడి చేస్తే ఆకుపచ్చ అవుతుంది, చల్లార్చినా వెంటనే ఊదాకు తిరిగి రాదు. అందుకే ఒకే గాఢత, ఒకే ఆమ్లం ఉన్న రెండు ద్రావణాలు, నిన్న చేసినదీ ఇవాళ వేడి చేసినదీ, వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. రంగుతో క్రోమియం-3ని కొలవాలనుకునేవారు శాంపిల్‌కూ స్టాండర్డ్‌కూ ఒకే రకం ఆమ్లం, ఒకే వేడి, ఒకే వయసు ఉండేలా చూసుకోవాలి. పీహెచ్ 3 దాటనివ్వవద్దు; 4 దగ్గరికి వచ్చేసరికి జలవిశ్లేషణ బాగా ముదురుతుంది.

తరచూ జరిగే తప్పులు

రంగు వచ్చి మాయమైంది: క్రోమియం-6 మరీ ఎక్కువ. డైఫినైల్ కార్బజైడ్‌నే అది ఆక్సీకరించి పాడుచేసింది. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే రీడింగ్ తక్కువగా వచ్చి "శుభ్రంగా ఉంది" అనిపిస్తుంది. శాంపిల్‌ను పది రెట్లు పలుచన చేసి మళ్లీ చూడండి. పలుచన చేశాక రంగు పెరిగితే దొంగ దొరికినట్టే.

రంగు పసుపుగా వచ్చింది: ఇనుము. ఫాస్ఫారిక్ ఆమ్లం మరిచిపోయారు, లేదా చాలలేదు.

రంగు 10 నిమిషాల్లో కొంత తగ్గింది: వనేడియం ఉండవచ్చు. దాని రంగు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి 10 నిమిషాలు ఆగి చదవండి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడారు: పలుచగా, చల్లగా ఉంటే పెద్ద నష్టం లేదు. గాఢంగా, వేడిగా ఉంటే క్రోమియం-6 క్లోరైడ్‌ను క్లోరిన్‌గా ఆక్సీకరించి తాను తరుగుతుంది. గది నిండా క్లోరిన్ వాసన. ఈ పనికి సల్ఫ్యూరిక్ ఆమ్లమే వాడండి. పాతబడి పసుపు తిరిగిన నైట్రిక్ ఆమ్లంలో నైట్రస్ ఆమ్లం ఉంటుంది, అదీ క్రోమియం-6ను క్షయకరిస్తుంది.

ఫలితం సరైనదేనా?

మొదట గ్రాఫ్. 1 సెం.మీ. క్యువెట్‌లో లీటరుకు 0.5 మి.గ్రా. స్టాండర్డ్ సుమారు 0.38 అబ్జార్బెన్స్ ఇవ్వాలి. 0.25 ఇచ్చిందంటే రీయేజెంటో, పీహెచ్చో తేడాగా ఉంది.

పరికరం మీద అనుమానముంటే లీటరుకు 60 మి.గ్రా. పొటాషియం డైక్రోమేట్‌ను 0.005 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి 350 నానోమీటర్ల దగ్గర చూడండి. 0.64 దగ్గర రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది స్పైక్. శాంపిల్‌కు తెలిసినంత క్రోమియం-6 కలిపి మళ్లీ కొలవండి. కలిపిన దానిలో 85 నుంచి 115 శాతం తిరిగి కనిపిస్తే సరే. 40 శాతమే వచ్చిందంటే శాంపిల్లో ఏదో క్షయకరణి దాన్ని తినేస్తోంది. అప్పుడు మీ "క్రోమియం-6 లేదు" అనే ఫలితానికి రెండు అర్థాలుంటాయి: నిజంగా లేకపోవచ్చు, లేదా మీరు ఆమ్లం వేశాక పోయి ఉండవచ్చు. స్పైక్ కలిపి వెంటనే ఒకసారి, గంట ఆగి ఒకసారి కొలిస్తే ఈ రెండింటిలో ఏది నిజమో తెలుస్తుంది. స్పైక్ చేయని సున్నాను నేను రిపోర్ట్‌లో రాయనివ్వను.

వ్యర్థాలు

క్రోమియం-6 ఉన్న ద్రావణాలన్నీ ఒక సీసాలో వేరుగా పోగు చేయండి. అజైడ్ ఉన్నవి ఇందులో కలపవద్దు. అసిటోన్‌నూ ఇతర ద్రావకాలనూ గాఢ క్రోమిక్ ఆమ్లం దగ్గరికి తీసుకురావద్దు, మంటలు లేస్తాయి. సీసా నిండాక హుడ్‌లో పీహెచ్ 2-3 దగ్గర సోడియం బైసల్ఫైట్ కొంచెం కొంచెంగా వేయండి; నారింజ పోయి ఆకుపచ్చ అవుతుంది. ఒక చుక్క తీసి డైఫినైల్ కార్బజైడ్‌తో చూడండి, ఊదా రాకూడదు. అప్పుడు పీహెచ్ 8 నుంచి 8.5కు పెంచితే క్రోమియం-3 హైడ్రాక్సైడ్ అడుగున చేరుతుంది. తొందరలో క్షారం బాగా ఎక్కువ పోస్తే అది మళ్లీ కరిగిపోతుంది. పైనీటిని ఇంకోసారి పరీక్షించి వేరు చేయండి. అడుగున మిగిలిన బురదను సింక్‌లో పోయకుండా ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేసి, మీద తేదీ రాయండి.